ఈ ఆల్బమ్ లేకపోతే నాకు గడవదు: మీది ఏది?

నాదలోల

అందరికీ నమస్కారం. ఇష్టమైన పాటల గురించి ఇక్కడ ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి విడిపాటలు వద్దు, ఆల్బమ్ చెప్పండి. మిగతావన్నీ పోయినా ఇదొక్కటి నా దగ్గర ఉండాల్సిందే అనిపించే ఆల్బమ్. రెండే కోరికలు. మొదటి ట్రాక్ నుంచి చివరిదాకా ఏదీ దాటేయకుండా మీరు వినేదై ఉండాలి. పేరు రాసి వెళ్ళిపోకుండా, అందులో మీ చెవి ఎక్కడ ఆగుతుందో ఆ చోటు చెప్పాలి. పదేసి పేర్ల జాబితాలు మాత్రం పెట్టకండి, జాబితా చూసి ఎవరూ ఏదీ వినరు.

నాది జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే రోజుల్లో న్యూయార్క్‌లో రికార్డు చేశారు. పెద్దగా రిహార్సల్స్ లేవు. ఏ స్వరాల మీద నడవాలో స్థూలంగా రాసిన కాగితాలు మైల్స్ తెచ్చాడు, అంతే. రాగం అలవాటైన చెవికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. కార్డులు (ఒకేసారి కలిపి పలికే స్వరాల గుత్తులు) గబగబా మారిపోవు, ఒక స్వరశ్రేణిలో స్థిమితంగా కూర్చుని దాన్ని విప్పుకుంటూ పోతారు.

నేను ఎదురుచూసే చోటు మొదటి ట్రాక్ 'సో వాట్'లో ఒకటిన్నర నిమిషం దగ్గర ఉంది. అప్పటిదాకా పాల్ చేంబర్స్ బేస్ మీద పల్లవి లాంటిది అంటుంటే మిగతావాళ్ళు రెండే కార్డులతో బదులిస్తుంటారు. అది ముగిసి మైల్స్ ట్రంపెట్ ఎత్తుకునే క్షణంలో జిమ్మీ కాబ్ సింబల్ మీద ఒక్క దెబ్బ వేస్తాడు. ఆ మోత ఇంకా ఆరకముందే దాని కింద నుంచి ట్రంపెట్ మొదటి స్వరాలు వినిపిస్తాయి. ఎంత దిగులుగా ఉన్న రోజైనా ఆ దెబ్బ పడగానే నా వెన్ను నిటారవుతుంది.

సైడ్‌బి

మంచి ప్రశ్న. నాకు తడుముకోవాల్సిన పని లేదు: బీటిల్స్ 'అబీ రోడ్', 1969.

మొదటి వైపు చివర 'ఐ వాంట్ యూ' ఉంది కదా. ఏడు నిమిషాలు దాటాక కూడా అదే మలుపు మళ్ళీ మళ్ళీ వస్తూ, వెనక గాలి హోరులాంటి శబ్దం పెరుగుతూ పోయి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ముగింపు అనేది లేదు. లెనన్ చెప్పిన చోట టేపు కోసేశారు. ఎల్పీలో, అంటే రెండు వైపులా పాటలుండే పెద్ద గ్రామఫోన్ రికార్డులో, అక్కడితో ఆ వైపు అయిపోతుంది. మీరు లేచి, రికార్డు తిప్పి, ముల్లు పెట్టాలి. అప్పుడు 'హియర్ కమ్స్ ద సన్' గిటార్ మొదలవుతుంది. మధ్యలో లేచి నడిచిన ఆ కాస్త సమయం కూడా ఆల్బమ్‌లో భాగమే అని నేను గట్టిగా నమ్ముతాను. సీడీలో, ఫోన్‌లో ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చి పడతాయి, ఆ విరుపు దక్కదు.

ఇక నా చోటు అంటే చిట్టచివర. 'హర్ మెజెస్టీ' అని అర నిమిషం కూడా లేని ముక్క ఉంటుంది. అది మొదట రెండో వైపు పాటల మాలిక మధ్యలో ఉండేది. మెకార్ట్నీ వద్దు, తీసేయమన్నాడు. అక్కడ పనిచేసే జాన్ కర్లాండర్ అనే కుర్ర ఇంజనీర్‌కి బీటిల్స్ పాడిందేదీ పారేయకూడదన్న నియమం తెలుసు. అందుకని కొంత ఖాళీ టేపు వదిలి, ఆ ముక్కని చివర అతికించాడు. అది అలాగే ఉండిపోయింది. జాగ్రత్తగా వింటే, మొదట్లో ఢాం అని వినిపించే కార్డు మాలికలో మొదట దానికి ముందున్న పాట తాలూకు ఆఖరి కార్డు. చివర రావాల్సిన కార్డేమో కోతలో పోయింది. సగంలో మొదలై సగంలో తెగిపోయే ఆ పాట లేకుండా 'అబీ రోడ్' నాకు పూర్తవదు.

కచేరీప్రియ

నాదలోల గారూ, మా శాస్త్రీయ సంగీతం వాళ్ళకి ఈ ప్రశ్న కొంచెం ఇబ్బందే. మాకు ఆల్బమ్ అనే కొలత తర్వాత వచ్చింది, ముందు ఉన్నది కచేరీ. వర్ణంతో మొదలుపెట్టి, మధ్యలో పెద్ద రాగం, చివర చిన్న చిన్న తుక్కడాలు. అరియక్కుడి రామానుజ అయ్యంగార్ స్థిరపరిచిన ఆ వరుసకి మా చెవి అలవాటుపడిపోయింది. రికార్డు అంటే అందులోంచి ఒక ముక్క తెచ్చి పెట్టినట్టు ఉంటుంది.

అయినా ఒకటి చెప్పాలి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి 'బాలాజీ పంచరత్నమాల', అయిదు ఎల్పీల వరుస. తిరుమల తిరుపతి దేవస్థానం చేయించింది. అన్నమయ్య సంకీర్తనలు ఎంతోమందికి చేరింది ఆ రికార్డుల వల్లే. నా చోటు రేవతి రాగంలో 'నానాటి బ్రదుకు'. రేవతిలో ఉన్నవి అయిదే స్వరాలు. ఆ రాగం పట్టుకుని కళ్ళనీళ్ళు తెప్పించడం పెద్ద కష్టం కాదు, చాలామంది తెప్పిస్తారు. ఆవిడ మాత్రం గొంతులో ఎక్కడా జాలి ఒలకనివ్వరు. వేయగలిగిన సంగతులు (ఒకే పంక్తిని రకరకాలుగా మార్చి పాడటం) ఎన్ని ఉన్నా ఆపుకుని, మాటని మాటగా పలికి వదిలేస్తారు. అంత విద్య ఉండి అంత తక్కువ పాడటం ఎలా సాధ్యమో ఇప్పటికీ నాకు అంతు చిక్కలేదు.

పాటలపెట్టె

నా ఓటు 'శంకరాభరణం'. సినిమా పాటలు ఆల్బమ్ కింద లెక్కకి రావని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, ముందే చెబుతున్నా.

సైడ్‌బి

నేనంటాను, పాటలపెట్టె గారూ. అది గొప్ప సంగీతం, అందులో రెండో మాట లేదు. కానీ సినిమా పాట కథలో ఒక సందర్భం కోసం పుడుతుంది. రికార్డు మీద ఏది ముందు, ఏది వెనక అన్నది ఆ తర్వాతి సంగతి. ఆల్బమ్ అంటే ఆ వరుసని కూడా కట్టినవాడే నిర్ణయించి ఉండాలి కదా.

పాటలపెట్టె

వరుస ఒక్కటే ఆల్బమ్‌ని కట్టిపడేస్తుందా? 'శంకరాభరణం'లో ఏమేం ఉన్నాయో చూడండి. 'ఏ తీరుగ నను', 'పలుకే బంగారమాయెనా' రామదాసువి. 'మానస సంచరరే' సదాశివ బ్రహ్మేంద్రులది. 'బ్రోచేవారెవరురా' మైసూరు వాసుదేవాచార్యులది. వీటి పక్కనే 'శంకరా నాదశరీరా పరా', 'దొరకునా ఇటువంటి సేవ' వేటూరివి. 'సామజవరగమనా' అయితే ఎత్తుగడ త్యాగయ్యది, కొనసాగింపు వేటూరిది. శతాబ్దాల ఎడం ఉన్న వాగ్గేయకారుల్ని, 1980లో సినిమాకి రాస్తున్న కవిని ఒకే బాణీ కిందకి తెచ్చి, ఎక్కడా అతుకు కనపడకుండా కూర్చారు కె.వి. మహదేవన్. తెలియనివాళ్ళకి ఏడు పాటలూ వినిపించి ఏది పాతదో, ఏది కొత్తదో చెప్పమనండి. ఆ ఏకత్వం కంటే ఆల్బమ్‌కి ఇంకేం కావాలి?

పైగా బాలు గారు. కర్ణాటక సంగీతం పద్ధతిగా నేర్చుకున్న గాయకుడు కాదు. ఆ రికార్డుతోనే ఆయనకి మొదటి జాతీయ పురస్కారం వచ్చింది. మహదేవన్‌కీ, వాణీ జయరాంకీ కూడా అదే సినిమాకి వచ్చాయి. నా చోటు 'దొరకునా' చరణాల్లో ఆయన పై స్థాయికి వెళ్ళేటప్పుడు. పెద్ద విద్వాంసుల గొంతులో వినిపించే ధీమా అక్కడ ఉండదు. అందుకోవాలన్న ఆత్రం ఉంటుంది. సేవ గురించిన పాటకి ధీమా కంటే ఆ ఆత్రమే నప్పింది.

సైడ్‌బి

చివరి రెండు వాక్యాల కోసం మళ్ళీ వింటాను. అది ఆల్బమ్ అని మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

కొత్తచెవి

ఒక మాట అడగొచ్చా? నేను ప్లేలిస్టులతో పెరిగినదాన్ని. ఆల్బమ్ అనేది నాకు పాట పక్కన కనిపించే చిన్న బొమ్మ, అంతే. మీరందరూ వరుస వరుస అంటున్నారు. పాట బాగుంటే ఎక్కడ విన్నా బాగుంటుంది కదా? వాదించడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

టేప్‌హెడ్

కొత్తచెవి గారూ, ఆ వరుస వెనక కొంత యంత్రం ఉంది, అక్కడి నుంచి చెబుతాను. 1948లో ఎల్పీ వచ్చింది. నిమిషానికి 33⅓ చుట్లు, ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైచిలుకు పడుతుంది. కాబట్టి చేసేవాళ్ళ ముందు ఎప్పుడూ రెండు మొదళ్ళు, రెండు ముగింపులు ఉండేవి. ఇంకో సంగతి. ముల్లు అంచు నుంచి మధ్యకి వస్తుంది. చుట్టు చిన్నదవుతున్న కొద్దీ ముల్లు కింద గాడి కదిలే వేగం తగ్గుతుంది, దాంతో తీక్షణమైన శబ్దాలు అంత శుభ్రంగా పలకవు. అందుకే చాలా రికార్డుల్లో హోరెత్తించే పాటలు వైపు మొదట్లోనూ, మెత్తనివి చివర్లోనూ కనిపిస్తాయి. తర్వాత సీడీ వచ్చి 74 నిమిషాలు ఏకధాటిగా పట్టినా, ఆ రెండు అంకాల పద్ధతి చాలామంది వదల్లేదు.

పింక్ ఫ్లాయిడ్ 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' (1973) తీసుకోండి, నా ఆల్బమ్ అదే. మొదటి వైపు చివర క్లేర్ టోరీ అనే గాయని పాడుతుంది. ఒక్క మాట ఉండదు, గొంతుని వాయిద్యంలా వాడమన్నారు. ఆమె అరిచి, ఏడ్చి, అలసిపోయి, మెల్లగా దిగివచ్చేసరికి ఆ వైపు అయిపోతుంది. రెండో వైపు తెరుచుకునేది డబ్బు లెక్కపెట్టే యంత్రాల చప్పుడుతో. నాణేల మోత, కాగితం చింపిన శబ్దం టేపు ముక్కలుగా అతికించి, ఏడు మాత్రల తాళానికి సరిపోయేట్టు తిప్పారు. చావు భయం పక్కనే డబ్బు ఆశ. విడివిడిగా వింటే రెండు మంచి పాటలు, పక్కపక్కన పెడితే ఒక ఆలోచన. అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 1973 నుంచి 1988 దాకా 741 వారాలు నిలిచింది ఆ ఆల్బమ్.

మీరు ఫోన్‌లో వినేటప్పుడు రెండు పనులు చేయండి. షఫుల్ తీసేయండి. సెట్టింగ్స్‌లో క్రాస్‌ఫేడ్ ఉంటే అదీ సున్నాకి పెట్టండి. లేకపోతే ఒక పాట తోక మీద ఇంకో పాట తల ఎక్కుతుంది. ఆల్బమ్ పేజీలో షఫుల్ తనంతట తాను వచ్చే పద్ధతిని స్పాటిఫై 2021లో తీసేసింది, అడెల్ అడిగితే. అంటే ఇప్పటి గాయనికీ ఈ పట్టింపు ఉందన్నమాట.

నాదలోల

కొత్తచెవి గారూ, ఒక ప్రయోగం చేస్తారా? నిక్ డ్రేక్ 'పింక్ మూన్' (1972) వినండి. మొత్తం 28 నిమిషాలే. ఒక గొంతు, ఒక గిటార్. 1971 అక్టోబరులో రెండు రాత్రుల్లో, ఇంజనీర్ జాన్ వుడ్ తప్ప ఎవరూ లేకుండా రికార్డు చేశాడు. ముందుగా దాని గురించి ఏమీ చదవకండి. విన్నాక వచ్చి చెప్పండి.

నీలిస్వరం

కచేరీప్రియ గారు ఎం.ఎస్. గురించి రాసింది చదివాక నాది చెప్పకుండా ఉండలేకపోతున్నా. జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్'. 1964 డిసెంబరు 9న ఒక్క రోజులో రికార్డయింది, విడుదల 1965. నాలుగు భాగాలు, అరగంట పైన కొద్దిగా.

నాలుగో భాగం 'సామ్' దగ్గర నేను పని ఆపేస్తాను. వెనక డ్రమ్స్ దూరపు ఉరుములా ఉంటాయి, తాళం లెక్కకి అందదు. శాక్సఫోన్ ఒక్కటే నింపాదిగా ఏదో చెబుతున్నట్టు ఉంటుంది. నిజంగానే చెబుతోంది. ఆల్బమ్ అట్ట లోపల కోల్ట్రేన్ దేవుడికి రాసిన కవిత అచ్చయి ఉంది. అక్షరం అక్షరం చొప్పున దాన్నే శాక్సఫోన్ మీద పలికించాడు. కవిత ముందు పెట్టుకుని వినండి, ఏ మాట ఎక్కడ వచ్చిందో వేలు పెట్టి చూపించవచ్చు.

ఇది మనకి తెలిసిన విద్యే. వయొలిన్ మీద కీర్తన వాయించేవాళ్ళు విల్లు సాహిత్యాన్ని బట్టే మారుస్తారు, మాట మధ్యలో తెగకుండా. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాద్యం వింటే మాటలు తెలియనివాళ్ళకి కూడా అక్కడ మాటలున్నాయని అర్థమవుతుంది. కోల్ట్రేన్‌కి ఆ సంగతి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పనక్కర్లేదు. భక్తి ఉన్నచోట మాటకి ఆ మర్యాద దానంతటదే వస్తుంది.

కచేరీప్రియ

నీలిస్వరం గారూ, విన్నాను. కవిత ముందు పెట్టుకునే విన్నాను. ప్రతి పాదం చివరా ఒకే స్వరం మీదకి దిగి ఆగుతున్నాడు చూశారా, షడ్జానికి చేరినట్టు? జాజ్ నాకు అంతుపట్టదని ఇన్నాళ్ళూ అనుకుంటున్నా. దీనికి జాజ్ తెలియాల్సిన అవసరమే రాలేదు.

పిల్లనగ్రోవి

'కాల్ ఆఫ్ ద వ్యాలీ' ఇంకా ఎవరూ చెప్పలేదేం? 1967. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్. కశ్మీరు లోయలో ఒక గొర్రెల కాపరి పొద్దు, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా. సైడ్‌బి గారు అడిగే వరుస ఇందులో నిక్కచ్చిగా ఉంది, ఎందుకంటే ఆ వరుస గడియారానిది. అహిర్ భైరవ్‌తో తెల్లవారి, పీలూ, భూప్, దేశ్ మీదుగా పహాడీలో ముగుస్తుంది. అప్పటికి శివకుమార్‌కీ, హరిప్రసాద్‌కీ ఇంకా ముప్పై నిండలేదు.

సంతూర్ గురించి ఒక్క సంగతి. అది పుల్లలతో కొట్టి వాయించేది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం దానికి చేతకాదు. హిందుస్తానీ సంగీతమేమో ఆ జారుడు మీదే బతుకుతుంది. అందుకే ఆ వాయిద్యం రాగానికి పనికిరాదని చాలామంది పెదవి విరిచారు. మొదటి ట్రాక్‌లో వినండి: పుల్లని తీగ మీద అతి సన్నగా, వడివడిగా ఆడిస్తూ స్వరాన్ని నిలబెట్టి, అది ఆరేలోపే పక్క స్వరం అందుకుంటాడు. మధ్యలో లేని జారుడు మన చెవే పూరించుకుంటుంది. ఆ తర్వాత వేణువు వచ్చి నిజంగా జారి చూపిస్తుంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టాలన్న ఆలోచనకే నేను దాసోహం.

పాటలపెట్టె

సైడ్‌బి గారి కోసం సినిమాతో సంబంధం లేనిది కూడా ఒకటి తెచ్చాను. ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్', 1986. త్యాగయ్యకీ, జర్మన్ సంగీతకర్త బాఖ్‌కీ అంకితం ఇచ్చారు. సోలో వయొలిన్ వి.ఎస్. నరసింహన్. అందులో ఒకచోట బాఖ్ ఒంటి వయొలిన్ కోసం రాసిన ప్రెల్యూడ్ ఉన్నదున్నట్టు పరుగెత్తుతుంటుంది, దాని చుట్టూ రాజా గారు తన రాత అల్లుతారు. మూడు వందల ఏళ్ళ నాటి మనిషి ఇంటికొస్తే ఆయన మాట అడ్డుకోకుండా మధ్య మధ్య బదులు చెప్పినట్టు ఉంటుంది. సినిమాలకి రోజుకి ఇన్ని పాటలని కట్టే మనిషి, ఎవరూ సందర్భం చెప్పకపోతే ఏం రాస్తాడో తెలియాలంటే ఇది వినాలి.

సైడ్‌బి

దీనికి మాత్రం పూర్తిగా లొంగిపోయాను.

నల్లమెట్లు

బాఖ్ పేరు వచ్చింది కాబట్టి. నాకు గ్లెన్ గూల్డ్ పియానో మీద వాయించిన 'గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్' లేకపోతే కుదరదు. ఒక ఆరియాని (మూల బాణీని) తీసుకుని బాఖ్ ముప్పై రకాలుగా మార్చి రాసిన కృతి అది. మరి ఏది? ఆయన రెండుసార్లు రికార్డు చేశాడు: 1955లో 22 ఏళ్ళ వయసులో, మళ్ళీ 1981లో. మొదటిది 38 నిమిషాలు, రెండోది 51. తొలి ఆరియా ఒక్కటే చూడండి. కుర్రాడు రెండు నిమిషాల లోపు ముగించేశాడు. పెద్దవాడికి మూడు నిమిషాలు పట్టింది. 1982 అక్టోబరులో, యాభై నిండిన కొద్ది రోజులకే పోయాడు.

నా ఓటు 1981కే. అందరూ అది విషాదంగా ఉందంటారు, నాకలా అనిపించదు. ముప్పై వేరియేషన్లకీ ఒకే నాడి ఉంటుంది అందులో. ఒకటి ముగిసి ఇంకోటి మొదలైనా లయ మాత్రం ఏదో లెక్కలో కొనసాగుతూనే ఉంటుంది. వెనక ఆయన కూనిరాగం వినిపిస్తుంది, ఆపుకోలేకపోయేవాడు. చాలామందికి అది చిరాకు. నాకు అది లేకపోతే వాయిస్తున్నది మనిషేనా అని అనుమానం వస్తుంది.

నాదలోల

నేను 1955 వైపు. ఆ దూకుడులో భయం లేదు, పేరు పోతుందన్న బెంగ లేదు. అప్పటికి ఆ కృతిని పియానో మీద వినేవాళ్ళే తక్కువ. దాన్ని ఎంచుకుని, ఉరుకులు పరుగులుగా వాయించి, ఒక్క స్వరం కూడా మసకబారనివ్వలేదు. రెండూ ఉంచుకోకూడదా అంటారేమో. ఈ చర్చకి పెట్టిన షరతు ప్రకారం ఒక్కటే!

అనుమంద్రం

ఎన్నాళ్ళుగానో ఇక్కడ చదువుతున్నా, రాయడం మొదటిసారి.

నాకు వినికిడి తగ్గింది. చాలామందికి తగ్గినట్టే పై స్థాయి శబ్దాలు ముందు పోయాయి. సింబల్, తంబుర జీరు, మాటల్లో స, ష లాంటి హల్లులు. కింది స్థాయి చాలావరకు మిగిలింది. చెవి మిషన్ పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి. సంగీతం సంగతి వేరు. మిషన్ మాట కోసం తయారైంది. మెల్లని శబ్దాన్ని పెంచుతుంది, పెద్ద శబ్దాన్ని అణుస్తుంది, కాబట్టి గాయకుడు గొంతు పెంచినా తగ్గించినా ఒకేలా వినిపిస్తుంది. ఇంకా కష్టమైనది వేణువు. ఒకే స్వరం నిలిపి ఊదితే మిషన్ దాన్ని తన కీచు శబ్దమే అనుకుని అణచబోతుంది, స్వరం వణికిపోతుంది. పిల్లనగ్రోవి గారు చెప్పిన ఆల్బమ్ నాకు ప్రాణం. ఇప్పుడు వినలేను. నాదలోల గారు చెప్పిన సింబల్ దెబ్బ ఎప్పుడు పడుతుందో నాకు తెలుసు, జ్ఞాపకంలోనే వింటాను.

కాబట్టి ఏ ఆల్బమ్ లేకుండా ఉండలేరన్నది నాకు ఊహకి పెట్టిన ప్రశ్న కాదు. మిగిలింది పాబ్లో కసాల్స్ వాయించిన బాఖ్ చెల్లో సూట్లు. చెల్లో అంటే వయొలిన్ కంటే పెద్దది, కింది స్థాయిలో పలికేది; సూట్ అంటే నాట్య బాణీల వరుస. ఆరు సూట్లు, 1936 నుంచి 1939 మధ్య రికార్డు చేశారు. కసాల్స్‌కి ఆ స్వరలిపి పదమూడేళ్ళ వయసులో ఒక పాత పుస్తకాల దుకాణంలో దొరికింది. అప్పటిదాకా అవి అభ్యాసాల్లాంటివని అనుకునేవారు. చెల్లో స్థాయి నా చెవికి ఇంకా అందుతుంది. ఇంకో విశేషం ఏమిటంటే, అవి పాత 78 చుట్ల రికార్డుల మీద వచ్చినవి. వెనక అంతా బుస్సుమనే గరగర ఉంటుందని అందరూ విసుక్కుంటారు. ఆ బుస పై స్థాయిది. నాకు అసలు వినపడదు. నాకు వినిపించేది చెల్లో ఒక్కటే.

నా చోటు అయిదో సూట్‌లో సరబాండ్ అనే నెమ్మది భాగం. కార్డు ఒక్కటి కూడా లేదు. ఒంటి స్వరం తర్వాత ఒంటి స్వరం. ఏ స్వరానికా స్వరం విడిగా వస్తుంది కాబట్టి ఏదీ ఇంకోదాని వెనక దాక్కోదు. పూర్తిగా, ఏమీ పోకుండా వింటున్నానన్న నమ్మకం నాకు అక్కడ దొరుకుతుంది.

పిల్లనగ్రోవి

అనుమంద్రం గారూ, రాసినందుకు చాలా సంతోషం. మీ మిషన్‌లో సంగీతం కోసం వేరే ప్రోగ్రామ్ పెట్టించారా? కీచుని అణిచేది, రొదని తగ్గించేది ఆపేసి, పెద్ద, చిన్న శబ్దాల తేడాని ఉన్నంతలో ఉంచేలా సరిచేస్తారు. మా ఇంట్లో ఒకరికి అలా చేయించాక వేణువు వణుకు బాగా తగ్గింది. మిషన్ సరిచేసే ఆడియాలజిస్టుని తప్పకుండా అడగండి. వెళ్ళేటప్పుడు మీరు వినే పాటే వెంట తీసుకెళ్ళి అక్కడే వినిపించుకోండి.

నల్లమెట్లు

అనుమంద్రం గారికి నాదొక సూచన. కీత్ జారెట్ 'ద కోల్న్ కన్సర్ట్', 1975 జనవరి 24. ఆ రాత్రి ఆయన అడిగిన పియానో వేదిక మీదకి రాలేదు. వచ్చినది చిన్నది, సాధన కోసం వాడేది. పై మెట్లు గీరగా పలికేవి, కింది మెట్లకి బలం లేదు, పెడల్స్ సరిగ్గా పనిచేయలేదు. నడుం నొప్పితో, నిద్ర లేకుండా వచ్చిన జారెట్ వాయించనన్నాడు. కచేరీ ఏర్పాటు చేసింది వెరా బ్రాండెస్, ఇంకా టీనేజ్‌లోనే ఉన్న అమ్మాయి. ఆమె పట్టు విడవకుండా ఒప్పించింది. అప్పుడు ఆయన ఏం చేశాడంటే, పియానో బాగా పలికే మధ్య భాగాన్నే అంటిపెట్టుకుని, ఎడమ చేత్తో అదే నడకని పదే పదే తిప్పుతూ గంటకు పైగా అప్పటికప్పుడు అల్లుకుపోయాడు. ముందు రాసుకున్నది ఏదీ లేదు. చాలా పియానో రికార్డుల్లో మీకు అందని పై మెరుపులు ఇందులో మొదటి నుంచే తక్కువ. మీ చెవికి పనికొస్తుందేమో అనిపించింది.

కొత్తచెవి

'పింక్ మూన్' విన్నాను. మొదటి పాటలో మధ్యలో పియానో వచ్చి నాలుగు స్వరాలు అని వెళ్ళిపోతుంది కదా. మళ్ళీ వస్తుంది, మళ్ళీ వస్తుంది అని చూస్తూనే ఉన్నా. ఆల్బమ్ అయిపోయింది, రాలేదు. అదే పాట ప్లేలిస్టులో వినుంటే ఆ పియానో గురించి నేను ఆలోచించేదాన్నే కాదు. తర్వాత పాటలన్నీ అది లేకుండా ఉన్నాయి కాబట్టే అది ఒక్కసారే వచ్చిందని తెలిసింది. నా ప్రశ్నకి జవాబు దొరికినట్టే అనుకుంటున్నా. ఇప్పుడు అనుమంద్రం గారు చెప్పిన సరబాండ్ వినబోతున్నా, గరగరతో సహా.

అనుమంద్రం

నల్లమెట్లు గారూ, మొదటి భాగం విన్నాను. ఇరవై ఆరు నిమిషాలు, మధ్యలో ఆపలేదు. మీరన్నది నిజం. ఎడమ చెయ్యి తిప్పే రెండు కార్డుల నడక నాకు చేతికి అందేంత స్పష్టంగా ఉంది. చివరి ఆరు నిమిషాల్లో ఎ మేజర్ అనే స్వరశ్రేణిలోకి వచ్చాక కాలు నేల మీద తాటిస్తున్న చప్పుడు, ఆయన గొంతులో నుంచి వచ్చే మూలుగు కూడా వినిపించాయి. పియానో రికార్డు మొత్తంగా విని చాలా కాలమైంది. పిల్లనగ్రోవి గారూ, మ్యూజిక్ ప్రోగ్రామ్ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, పాట పట్టుకునే వెళ్తాను.

మధ్య, కింది స్థాయిల్లో నడిచే కర్ణాటక సంగీతం ఏదైనా ఉంటే చెప్పండి.

కచేరీప్రియ

వీణ వినండి. ఈమని శంకరశాస్త్రి గారితో మొదలుపెట్టండి. మంద్ర తీగల మీద అంత నింపాదిగా కూర్చునేవాళ్ళు అరుదు. ఆయన తానం (తాళం లేకుండా లయగా సాగే రాగ విస్తారం) అయితే మీకు మరీ మంచిది, వెనక మృదంగం మోత ఉండదు, తీగ ఒక్కటే ఉంటుంది. నా దగ్గర ఉన్న కచేరీ రికార్డింగుల్లో తానం ఎక్కువసేపు వాయించినవి వెతుకుతున్నా.

అనుమంద్రం

వీణ నాకు తట్టనే లేదు. మీటు పడగానే వచ్చే టక్కుమన్న శబ్దం నాకు సగం పోతుంది. ఆ తర్వాత తీగ లాగినప్పుడు సాగే గమకం మాత్రం పూర్తిగా అందుతుంది. తానం ఉన్నదే ముందు పంపండి.